పాత్ర శరీరాన్ని భౌతికశాస్త్రానికి ఎంతవరకు అప్పగించాలి?

ప్రశ్న: నేను ఒక్కడినే ఒక యాక్షన్ గేమ్ తయారు చేస్తున్నాను. పాత్రల నడక, పరుగు, దెబ్బలాట అన్నీ మోషన్ క్యాప్చర్ క్లిప్పులతోనే (నిజమైన నటుల కదలికలను రికార్డు చేసిన ముక్కలతోనే) సాగుతున్నాయి. చూడడానికి బాగానే ఉన్నా, ఎటువైపు నుంచి తోసినా, ఎంత గట్టిగా కొట్టినా పాత్ర ఒకే రకంగా స్పందించడం నాకు వెలితిగా తోచింది. అందుకని శరీరాన్ని రాగ్‌డాల్‌గా, అంటే బరువున్న భాగాలను కీళ్లతో కలిపిన బొమ్మగా, మార్చి, ప్రతి కీలుకూ ఒక మోటారు పెట్టి, క్లిప్పులోని భంగిమను అనుసరించేలా కోడ్ రాశాను. మోటార్ల బలం తక్కువైతే పాత్ర కుప్పకూలుతోంది. పెంచితే వణుకుతోంది, ఇంకా పెంచితే ముక్కలు గాలిలోకి ఎగిరిపోతున్నాయి. నడిపిస్తే రెండడుగులు వేసి పడిపోతోంది. క్లిప్పులన్నీ పక్కనపెట్టి రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో (ప్రయత్నాలకు బహుమతులిస్తూ నేర్పే యంత్ర అభ్యాసంతో) నడక నేర్పమని ఒక మిత్రుడు అంటున్నాడు. అది సరైన దారేనా? లేక భౌతిక గణన చేసే ఇంజిన్‌నే మార్చాలా?

సమాధానం: క్లిప్పులను పారేయవద్దు. మీ దగ్గర ఉన్నవాటిలో అత్యంత విలువైనవి అవే, మీ మిత్రుడు చెప్పిన పద్ధతికి కూడా అవి కావాలి. ఆ సంగతి తరువాత వివరిస్తాను. ముందుగా గమనించవలసింది ఏమిటంటే, మీరు చెప్పిన లక్షణాల వెనుక మూడు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. వణకడం, ఎగిరిపోవడం లెక్కింపు పద్ధతికి సంబంధించినవి. కుప్పకూలడం, రెండడుగులకే పడిపోవడం సమతుల్యతకు సంబంధించినవి. ఇక పాత్ర ఏ క్షణంలో ఆటగాడి మాట వినాలి, ఏ క్షణంలో బలాలకు లొంగాలి అనేది గేమ్ రూపకల్పనకు సంబంధించిన నిర్ణయం. ఈ మూడింటినీ మోటారు బలం అనే ఒక్క అంకెతో సరిచేయాలని చూస్తున్నందువల్లనే, ఒకదానికి వేసిన మందు ఇంకొకదాన్ని ముదరబెడుతోంది.

మొదట వణుకు సంగతి చూద్దాం. మీరు పెట్టిన మోటారు బహుశా అందరూ వాడే సూత్రం ప్రకారమే పనిచేస్తూ ఉంటుంది: ఉండవలసిన కోణానికీ ఉన్న కోణానికీ గల తేడాను స్ప్రింగ్ గుణకంతో గుణించి, అందులోంచి కోణీయ వేగానికి తగిన డ్యాంపింగ్‌ను (కదలికను అణచే నిరోధాన్ని) తీసివేస్తే వచ్చేదే ఆ కీలు మీద పెట్టే టార్క్ (తిప్పే బలం). సూత్రంలో దోషం లేదు. దాన్ని ఎంత తరచుగా లెక్కిస్తున్నారన్నదే ప్రశ్న. మోచేతిని ఉదాహరణగా తీసుకోండి. 70 కిలోల శరీరంలో ముంజేయి, అరచేయి కలిపి సుమారు 1.5 కిలోలు ఉంటాయి, మోచేతి చుట్టూ వాటి జడత్వ భ్రామకం (తిప్పడానికి ఎదురయ్యే జడత్వం) దాదాపు 0.08 కిలోగ్రాము చదరపు మీటర్లు. దానికి రేడియన్‌కు 300 న్యూటన్ మీటర్ల స్ప్రింగ్ పెడితే సహజ కోణీయ పౌనఃపున్యం సెకనుకు 61 రేడియన్ల దాకా వస్తుంది. ఊగిసలాట లేకుండా స్థిరపడడానికి కావలసిన క్రాంతిక డ్యాంపింగ్ 9.8 దగ్గర ఉంటుంది. ప్రస్తుత స్థితిని మాత్రమే చూసి టార్క్ లెక్కించి, దాన్ని మామూలు అర్ధ అంతర్గత ఆయిలర్ పద్ధతిలో (ముందు వేగాన్ని, ఆ కొత్త వేగంతో స్థానాన్ని లెక్కించే పద్ధతిలో) ముందుకు నడిపితే, పౌనఃపున్యాన్ని రెండు లెక్కింపుల మధ్య కాల విరామంతో గుణించగా వచ్చే విలువ 0.83 లోపు ఉన్నంతవరకే ఆ వ్యవస్థ నిలకడగా ఉంటుంది. సెకనుకు 60 సార్లు లెక్కిస్తే ఆ విలువ 1 దాటుతుంది. అంటే ప్రతి గణన అడుగులోనూ మోటారు లక్ష్యాన్ని దాటి అవతలికి వెళ్లి, వెనక్కి లాగి, మరింత దాటుతుంది. శరీరంలోకి లేని శక్తి వచ్చి చేరుతుంది. మీరు చూసిన ముక్కలు ఎగిరిపోవడం ఇదే. అదే మోచేతిని సెకనుకు 240 సార్లు లెక్కిస్తే విలువ 0.25 దగ్గరకు దిగి, వణుకు పూర్తిగా మాయమవుతుంది.

కాబట్టి మొదటి పని, భౌతిక గణనను తెర మీద ఫ్రేమ్ గీసే వేగం నుంచి వేరుచేసి, స్థిరమైన చిన్న విరామాలతో నడపడం. గీసేటప్పుడు వరుసగా వచ్చిన రెండు భౌతిక స్థితుల మధ్య సర్దుబాటు చేసుకోవచ్చు. పాత్ర ఒకరి కంప్యూటర్‌లో నిలబడి, వేరొకరి కంప్యూటర్‌లో పడిపోవడానికి చాలాసార్లు కారణం ఈ రెంటినీ కలిపి ఉంచడమే. రెండవ పని, టార్క్‌ను మీరే లెక్కించి శరీరం మీద ప్రయోగిస్తున్నట్లయితే, దాన్ని మానుకుని ఇంజిన్ అందించే జాయింట్ డ్రైవ్‌లను (ఇంజిన్‌లోనే ఉండే కీళ్ల మోటార్లను) వాడడం. ఫిజ్‌ఎక్స్ వంటి ఇంజిన్లలో ఈ డ్రైవ్‌లు రాబోయే గణన అడుగులోని వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకునే అంతర్గత పద్ధతిలో పనిచేస్తాయి గనుక, అంతే బలమైన స్ప్రింగ్‌ను చాలా పెద్ద విరామంలోనూ తట్టుకుంటాయి. సొంతంగానే రాయాలనుకుంటే, 2011లో టాన్, లియు, టర్క్ ప్రతిపాదించిన స్థిర నియంత్రణ పద్ధతి ఉంది. ఇప్పటి కోణం, ఇప్పటి వేగం స్థానంలో వచ్చే గణన అడుగులో ఉండబోయే కోణాన్ని, వేగాన్ని అంచనా వేసి టార్క్ లెక్కించడమే దాని సారం.

చాలామందిలాగే మీరు కూడా అన్ని కీళ్లకూ ఒకే బలం ఇచ్చారని ఊహిస్తున్నాను. అది సరిపడదు. మోచేతి కింద ఉన్న జడత్వ భ్రామకం 0.08 అయితే, తుంటి నుంచి వేలాడే కాలిది దాదాపు 3 ఉంటుంది. అంటే ముప్పై రెట్లకు పైమాటే. మోచేతికి సరిపోయే స్ప్రింగ్ తుంటికి నూలుపోగులా ఉంటుంది, తుంటికి చాలినది మోచేతిని విసిరికొడుతుంది. ముందు పౌనఃపున్యాన్ని ఎంచుకుని, ఆ కీలు మోస్తున్న భాగమంతటి జడత్వ భ్రామకాన్ని పౌనఃపున్య వర్గంతో గుణించి స్ప్రింగ్ విలువ నిర్ణయించండి. అప్పుడు మీ చేతిలో ఇరవై అంకెల బదులు, శరీరమంతటికీ ఎంత బిగువు ఉండాలో చెప్పే ఒకటి రెండు అంకెలే మిగులుతాయి. వాటిని సర్దడం మనిషికి సాధ్యమైన పని.

ద్రవ్యరాశులను కూడా ఒకసారి సరిచూడండి. ఇంజిన్ తనంతట తాను ఇచ్చే విలువలు తరచుగా ఆకారం పరిమాణాన్ని బట్టి వస్తాయి, అవి మనిషివి కావు. జీవయాంత్రిక శాస్త్రంలో ఎప్పటినుంచో వాడుతున్న పట్టిక ప్రకారం తల, మెడ కలిపి శరీర బరువులో సుమారు 8 శాతం, మొండెం దాదాపు 50 శాతం, ఒక్కో తొడ 10, ఒక్కో పిక్క 4.65, ఒక్కో పాదం 1.45, ఒక్కో భుజదండం 2.8, ముంజేయి 1.6, అరచేయి 0.6 శాతం. ఇందులోనే ఒక చిక్కు దాగి ఉంది. 70 కిలోల శరీరాన్ని కిలో బరువున్న పాదం మోస్తోంది. తేలికైన వస్తువు మీద బరువైన వస్తువు నిలబడ్డ గొలుసును, కీళ్లను ఒక్కొక్కటిగా సరిచేసుకుంటూ పోయే సాధారణ సాల్వర్లు (ఇంజిన్‌లో లెక్క తేల్చే భాగాలు) సరిగా పరిష్కరించలేవు. పాదం నేలలోకి దిగబడుతున్నట్టు, చీలమండ సాగుతున్నట్టు కనిపించేది అందుకే. శరీరాన్ని విడివిడి ముక్కలుగా కాక, కీళ్ల కోణాలనే చలరాశులుగా తీసుకుని ఒకే వృక్షంగా లెక్కించే ఫెదర్‌స్టోన్ పద్ధతి ఈ చిక్కును దాటుతుంది, కీళ్లు విడిపోవడమన్నదే అందులో ఉండదు. మీ ఇంజిన్‌లో ఆ సౌకర్యం ఉంటే తప్పక వాడండి. లేకపోతే పాదం ద్రవ్యరాశిని, జడత్వాన్ని కొంత పెంచుకోండి. ఆ అబద్ధం ఆటగాడి కంటికి కనబడదు. పక్కపక్కన ఉన్న భాగాలు, అంటే తొడ, పిక్క వంటివి, ఒకదానితో ఒకటి ఢీకొనకుండా ఆపడం కూడా మరచిపోవద్దు. కీలు దగ్గర ఒకదానిలోకి ఒకటి చొచ్చుకున్న రెండు క్యాప్సూల్స్ (ఢీకొనడం లెక్కించడానికి శరీర భాగాలకు తొడిగే మాత్ర ఆకారాలు) పరస్పరం తోసుకుంటూ ఉంటే ఏ మోటారూ ఆ వణుకును ఆపలేదు.

ఇదంతా అయ్యాక, గురుత్వాకర్షణ తీసివేసి, కటిని గాలిలో బిగించి, పాత్రను ఒక భంగిమలో ఉంచి చూడండి. కదలకుండా ఉండాలి. తరువాత గురుత్వాకర్షణ తిరిగి ఇచ్చి, కటి బిగించే ఉంచి, నడక క్లిప్పు నడపండి. చేతులూ కాళ్లూ కొద్దిపాటి వెనుకబాటుతో క్లిప్పును అనుసరించాలి. ఈ రెండూ దాటనిదే ముందుకు వెళ్లవద్దు.

ఇక కుప్పకూలడం. ఇక్కడే ఈ విద్యలోని అసలు కష్టం ఉంది. క్లిప్పులోని కోణాలన్నిటినీ తు.చ. తప్పకుండా అనుసరించినా పాత్ర పడిపోతుంది, ఎందుకంటే కీళ్లన్నిటికీ మోటార్లు ఉన్నాయి గాని, కటికీ ప్రపంచానికీ మధ్య మోటారు లేదు. శరీరం మొత్తంగా మూడు దిశల్లో జరగడం, మూడు అక్షాల చుట్టూ వాలడం, తిరగడం అనే ఆరు స్వేచ్ఛలూ పాదం కింద నేల ఇచ్చే ప్రతిచర్య ద్వారానే అదుపులోకి రావాలి. అన్ని కోణాలూ సరిగ్గా ఉండి, మనిషి మొత్తంగా కర్రలా వాలిపోవచ్చు. చనిపోయిన పాత్రలకు రాగ్‌డాల్ ఎప్పుడో చక్కగా కుదిరిపోవడానికి కారణం కూడా ఇదే. 2001లో థామస్ జాకబ్‌సెన్ ఒక గేమ్ కోసం తాము వాడిన వెర్లే పద్ధతిని (గత రెండు స్థానాల నుంచి తరువాతి స్థానాన్ని లెక్కించే పద్ధతిని) వివరించినప్పటికే, పడిపోయే శరీరాన్ని తక్కువ ఖర్చుతో నమ్మదగినట్టు చూపడం సాధ్యమైంది. శవానికి సంకల్పం ఉండదు, దానికి కావలసింది కీళ్లు, బరువు, నేల మాత్రమే. బతికున్న పాత్రకు వీటన్నిటి మీద నియంత్రణ కావాలి.

నిలబడడాన్నే లెక్క కట్టి చూడండి. 70 కిలోల మనిషి ద్రవ్యరాశి కేంద్రం చీలమండల నుంచి 0.9 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, వాలిన ప్రతి రేడియన్‌కు గురుత్వాకర్షణ అతన్ని పడదోసే టార్క్ దాదాపు 617 న్యూటన్ మీటర్లు. రెండు చీలమండలకూ చెరో 300 ఇచ్చారంటే మొత్తం 600 అవుతుంది, పాత్ర మెల్లగా వాలి పడిపోవడం ఖాయం. అయితే 617 దాటించి ఎంత పెంచినా సరిపోతుందా అంటే, అదీ కాదు. నేల పాదాన్ని పైకి నెట్టగలదే గాని కిందికి లాగలేదు. మడమ లేవకుండా చీలమండ ప్రయోగించగల టార్క్, శరీర బరువును చీలమండకు ముందున్న పాదం పొడవుతో గుణించినంతే. ఆ పొడవు 15 సెంటీమీటర్లు అనుకుంటే 103 న్యూటన్ మీటర్లు. దానితో నిలబెట్టగలిగే వాలు సుమారు 10 డిగ్రీలు. అంతకు మించి వాలాక మోటారును ఎన్ని రెట్లు పెంచినా పాదం మునివేళ్ల మీద లేస్తుందే తప్ప శరీరం తిరిగి రాదు. మోటారు బలం పెంచి సమతుల్యత సాధించే ప్రయత్నం ఎక్కడ ఆగిపోతుందో ఈ ఒక్క లెక్క చెబుతుంది. ఆ తరువాత మనిషైనా, మీ పాత్రైనా చేయగలిగింది అడుగు వేయడమే.

అడుగు ఎక్కడ వేయాలి? అరచేతి మీద కర్రను నిలబెట్టేవారు కర్ర వాలిన వైపే చేతిని జరుపుతారు. పాదం చేసే పనీ అదే. శరీరాన్ని తలకిందులైన లోలకంగా భావిస్తే, ద్రవ్యరాశి కేంద్రం ఎత్తును గురుత్వ త్వరణంతో భాగించి, దాని వర్గమూలాన్ని కేంద్రం వేగంతో గుణించగా వచ్చిన దూరంలో, కేంద్రానికి నేరుగా కిందనున్న చోటు నుంచి కదలిక దిశలో పాదం ఉంచితే శరీరం అక్కడ నిలుస్తుంది. 0.9 మీటర్ల ఎత్తుకు ఆ వర్గమూలం సుమారు 0.3 సెకన్లు. మీ పాత్రను ఎవరో తోసి సెకనుకు ఒక మీటరు వేగం కలిగిస్తే, అడుగు 30 సెంటీమీటర్ల ముందుకు పడాలి. రోబోటిక్స్‌లో దీన్ని క్యాప్చర్ పాయింట్ అంటారు. కోడ్‌లో ఒక్క వరుసకు సరిపోయే ఈ సూత్రం మీ గేమ్‌కు ఎన్నో విధాల ఉపయోగపడుతుంది. ఆ బిందువు పాదాల మధ్య ఉంటే ఊగి నిలబడవచ్చు, ఒక అడుగు దూరంలో ఉంటే తడబడి అడుగు వేయాలి, కాలు అందనంత దూరంలో ఉంటే పడిపోవడం తప్పదు. ఏ ప్రతిచర్యను ఎంచుకోవాలన్న ప్రశ్నకు యాదృచ్ఛిక సంఖ్య కన్నా ఇది ఎంతో మంచి జవాబు.

పూర్తిగా భౌతికంగా నడిచే పాత్రను చేయాలని ఇంకా కోరిక ఉంటే, లెర్నింగ్ కంటే ముందు తెలుసుకోవలసిన ఒక పరంపర ఉంది. ఒంటికాలి మీద గెంతే రోబోలపై పనిచేసిన మార్క్ రైబర్ట్ నియంత్రణను మూడు భాగాలుగా విడదీశాడు: గెంతు ఎత్తు, పాదం మోపే చోటుతో వేగం, కాలు నేల మీద ఉన్నప్పుడు శరీరం నిటారుదనం. 1991లో ఆయన, జెస్సికా హాడ్‌జిన్స్ కలిసి ఆ సూత్రాలతోనే కాళ్లున్న జీవుల యానిమేషన్ చేశారు. 1995లో హాడ్‌జిన్స్ బృందం పరుగు, సైకిల్ తొక్కడం, వాల్ట్ (జిమ్నాస్టిక్స్‌లో దిమ్మె మీదుగా దూకడం) చేయడం వంటి మనుషుల క్రీడలకు దాన్ని విస్తరించింది. 2007లో యిన్, లోకెన్, వాన్ డి పాన్ ప్రచురించిన సింబికాన్ వీటన్నిటికన్నా సులభంగా చేతికందేది. నడకకు నాలుగు స్థితుల చిన్న యంత్రం, ప్రతి స్థితికీ ఒక లక్ష్య భంగిమ, దాని మీద రెండు సవరణలు మాత్రమే అందులో ఉంటాయి. మొండెం, గాలిలో ఉన్న కాలి తొడ ఈ రెంటి కోణాలనూ కటిని బట్టి కాక ప్రపంచపు నిటారు దిశను బట్టి నియంత్రిస్తారు. నేల మీదున్న కాలి తుంటికి ఇచ్చే టార్క్‌ను, ఆ రెండు టార్క్‌ల మొత్తానికి వ్యతిరేకంగా నిర్ణయిస్తారు. ఆపైన, ద్రవ్యరాశి కేంద్రం నేల మీదున్న పాదానికి ఎంత దూరంలో ఉందో, ఎంత వేగంగా కదులుతోందో చూసి, ఊగే కాలి లక్ష్య కోణాన్ని నిరంతరం సవరిస్తారు. మీ పాత్ర రెండడుగులకే పడిపోవడానికి కారణం ఈ చివరి సవరణ లేకపోవడమేనని నా అభిప్రాయం. క్లిప్పులోని నటుడు తన తూకానికి తగినచోట పాదం వేశాడు. మీ పాత్ర తన తూకం వేరైనా అతను వేసిన చోటనే వేస్తోంది.

సింబికాన్‌ను ఒకసారి స్వయంగా రాసి చూడమని మనస్ఫూర్తిగా చెబుతాను, సమతుల్యత గురించి అది నేర్పినంతగా మరేదీ నేర్పదు. కాని దాన్నే మీ గేమ్‌లో ముఖ్యపాత్రకు పెట్టమని చెప్పను. సెకనుకు 6 మీటర్ల వేగంతో పరుగెత్తే మనిషి, ఘర్షణ గుణకం 0.8 ఉన్న నేల మీద, ఆ ఘర్షణనంతా పూర్తిగా వాడుకోగలిగినా ఆగడానికి ముప్పావు సెకను, 2.3 మీటర్లు పడుతుంది. నిజంలో ఇంకా ఎక్కువే. ఆటగాడు మీట వదిలిన క్షణంలోనే, లేదా సెకనులో ఐదో వంతు లోపలే ఆగాలని ఆశిస్తాడు. క్లిప్పులతో నడిచే గేమ్‌లన్నీ ఈ విషయంలో భౌతికశాస్త్రాన్ని మోసం చేస్తున్నాయి, ఆటగాళ్లు ఆ మోసానికి అలవాటుపడి దాన్నే స్పందన అంటున్నారు. పూర్తి భౌతిక పాత్ర ఆ మోసం చేయలేదు. తడబాటే ఆటగా రూపొందించిన గేమ్‌లలో అది గొప్పగా పనిచేస్తుంది. గురి తప్పకుండా కొట్టడం, అంచు మీద ఆగడం ముఖ్యమైన గేమ్‌లో ఆటగాడికి విసుగు తెప్పిస్తుంది. మీది యాక్షన్ గేమ్ అన్నారు గనుక నా సలహా మధ్యమార్గమే.

ఆ మార్గం ఇలా ఉంటుంది. ఆటగాడి ఆజ్ఞలు కనబడని ఒక క్యాప్సూల్‌కు వెళ్లాలి. అది ఇప్పటిలాగే తక్షణం స్పందించాలి, కెమెరా దాన్నే అనుసరించాలి. భౌతిక శరీరం కీళ్ల మోటార్లతో క్లిప్పు భంగిమను అనుసరిస్తూ, కటి దగ్గర ఒక అదనపు బలంతో క్యాప్సూల్ వెంట నడవాలి. ఈ అదనపు బలం ప్రపంచంలో ఎవరూ ప్రయోగించనిది, శుద్ధ భౌతికశాస్త్రం ప్రకారం తప్పు. అయినా సందేహించకండి. దానికి ఒక గరిష్ఠ పరిమితి పెట్టడంలోనే నేర్పంతా ఉంది. 70 కిలోల పాత్ర బరువు 690 న్యూటన్ల దాకా ఉంటుంది. పరిమితిని దానిలో మూడో వంతు దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. పరిమితి లోపల పాత్ర ఆటగాడిదే. ఎవరైనా తోసిన బలం పరిమితిని మించితే శరీరం క్యాప్సూల్ నుంచి వెనుకబడుతుంది, వాలుతుంది, ఆ ఎడమే తడబాటుకు కొలమానం అవుతుంది. ఎడం చిన్నదైతే క్యాప్సూల్ వేగాన్ని కాస్త తగ్గించి శరీరం కలుసుకునేదాకా ఆగాలి. పెద్దదైతే పాత్రను పూర్తిగా భౌతికశాస్త్రానికి వదిలేసి, క్యాప్సూల్‌నే శరీరం దగ్గరకు తీసుకురావాలి.

దెబ్బ తగిలిన క్షణంలో చేయవలసిన పని 2002లోనే జోర్డాన్, హాడ్‌జిన్స్ చూపారు. మోషన్ క్యాప్చర్‌ను అనుసరించే భౌతిక శరీరానికి దెబ్బ తగిలినప్పుడు కీళ్ల బిగువును తగ్గించి, ఆ తరువాత క్రమంగా పూర్వస్థితికి తెచ్చారు. భుజానికి తగిలితే ఆ చేయి, మెడ, వెన్ను పై భాగం బిగువును తగ్గించి, సెకనులో మూడో వంతు నుంచి సగం లోపు తిరిగి పెంచుతూ పోతే, ప్రతి దెబ్బా దిశకూ బలానికీ తగ్గట్టు వేరుగా కనిపిస్తుంది. మీరు ఉత్తరంలో వాపోయిన వెలితి చాలావరకు ఇక్కడే తీరిపోతుంది, అదీ కాళ్లను ముట్టుకోకుండానే. అందుకే ముందు కటి, కాళ్లు క్లిప్పుకే వదిలి, వెన్ను, మెడ, చేతులు మాత్రమే భౌతికం చేయమంటున్నాను. అది నిలకడగా పనిచేశాకనే కాళ్లను చేర్చండి. ఆయుధం పట్టుకున్న చేయి గురి మాత్రం భౌతిక గణన ముగిశాక చివరగా ఇన్వర్స్ కైనమాటిక్స్‌తో (చేయి చేరవలసిన చోటు నుంచి కీళ్ల కోణాలను లెక్కించే పద్ధతితో) సరిచేయాలి, లేకపోతే తూటా ఒకవైపు, గొట్టం ఇంకోవైపు చూస్తాయి.

పడిపోవడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలా గేమ్‌లు ఇక్కడ పాత్రను శవంగా మార్చేస్తాయి. మోటార్లన్నీ ఒక్కసారిగా ఆపివేయగానే ఆటగాడు చూసేది పడుతున్న మనిషిని కాదు, సంచిని. 2008లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో 4లో, పాత్రల స్పందనలను అప్పటికప్పుడు భౌతికంగా లెక్కించే యుఫోరియా అనే సాంకేతికతను చూసినవారు అంతగా ఆశ్చర్యపోవడానికి కారణం సమతుల్యత ఒక్కటే కాదు. పాత్రలు తమను తాము కాపాడుకునే ప్రయత్నం చేసేవి. మీరు దాన్ని మొత్తంగా తయారు చేయనక్కరలేదు. ద్రవ్యరాశి కేంద్రం వేగాన్ని బట్టి శరీరం నేలను తాకబోయే చోటు అంచనా వేసి, దగ్గరగా ఉన్న చేతిని అటు చాపండి, మోచేతిని కాస్త వంచి ఉంచండి, గడ్డాన్ని ఛాతీ వైపు లాగండి, తగిలిన క్షణంలో చేతి బిగువును సగానికి తగ్గించండి. ఈ నాలుగు చర్యలు, వారాల తరబడి సర్దిన నడక కన్నా ఎక్కువ ప్రాణం పోస్తాయని నేను గట్టిగా నమ్ముతాను. మనం ఒక కదలికను బతికున్నదిగా గుర్తించేది దాని వెనుక భయమో, ఉద్దేశమో కనిపించినప్పుడే. గురుత్వాకర్షణకు ఆ రెండూ లేవు.

లేవడానికి మళ్లీ క్లిప్పులే కావాలి. వెల్లకిలా, బోర్లా, పక్కకు పడిన స్థితుల నుంచి లేచే మూడు నాలుగు క్లిప్పులు ఉంచుకుని, శరీరం వేగం తగ్గాక ఏది దగ్గరో చూసి, దాని మొదటి భంగిమకు మోటార్లతో చేర్చి, అక్కడ నుంచి నడపండి. 2005లో జోర్డాన్ బృందం దీన్ని మరో మెట్టు ముందుకు తీసుకెళ్లింది. దెబ్బ తగిలిన తరువాతి కదలికకు సరిపోయే క్లిప్పును నిల్వలోంచి వెదికి, మధ్యనున్న కాసేపు మాత్రమే భౌతిక గణనతో నింపింది. మీ దగ్గర క్లిప్పులు పెరిగేకొద్దీ ఆ పద్ధతి మీకు ఉపయోగపడుతుంది.

ఇప్పుడు మీ మిత్రుని సలహా. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ ఈ రంగాన్ని నిజంగానే మార్చింది, దాన్ని తక్కువ చేయను. కాని అందులో మంచి ఫలితాలిచ్చిన పద్ధతులు క్లిప్పులను పక్కన పెట్టలేదు, వాటినే గురువుగా పెట్టుకున్నాయి. 2018 నాటి డీప్‌మిమిక్ అనే పరిశోధనలో పాత్రకు లభించే బహుమతి ప్రధానంగా మోషన్ క్యాప్చర్‌ను ఎంత దగ్గరగా అనుసరించిందన్న దాని మీదే ఆధారపడుతుంది. శిక్షణలో ప్రతి ప్రయత్నాన్నీ క్లిప్పు మధ్యలో ఏదో ఒక క్షణం నుంచి మొదలుపెట్టడం, పడిపోగానే ఆ ప్రయత్నాన్ని ఆపేయడం అనే రెండు ఏర్పాట్లు లేకుండా పిల్లిమొగ్గ వంటి విన్యాసాలు నేర్చుకోవడం దానికి సాధ్యపడలేదు. 2019లో యూబీసాఫ్ట్ పరిశోధకులు చూపిన డ్రెకాన్‌లో ఆటగాడి ఆజ్ఞకు తగిన క్లిప్పును మోషన్ మ్యాచింగ్ ఎంచుతుంది, నేర్చుకున్న నియంత్రకం ఆ భంగిమకు చిన్న సవరణలు చేసి శరీరాన్ని నిలబెడుతుంది. ఇందాక నేను చెప్పిన మధ్యమార్గంలో కటి దగ్గరి అబద్ధపు బలం చేసే పనిని ఇక్కడ శిక్షణతో నేర్చుకున్న న్యూరల్ నెట్‌వర్క్ చేస్తుందని అనుకోవచ్చు. 2021 నాటి అడ్వర్సేరియల్ మోషన్ ప్రయర్స్ ఒక్కో క్లిప్పును అంటిపెట్టుకోకుండా, అనేక క్లిప్పుల శైలిని నేర్చుకుంది. అదీ క్లిప్పుల మీదే ఆధారపడింది. క్లిప్పులే లేకుండా, ముందుకు వెళ్తే బహుమతి అని మాత్రమే చెప్పిన చోట్ల, చేతులు ఎలా పడితే అలా విసురుతూ పరుగెత్తే వింత నడకలు పుట్టుకొచ్చాయి. అడిగినది ముందుకు వెళ్లడమే గనుక వాటి తప్పు లేదు.

శిక్షణ పూర్తయ్యాక ఇటువంటి నెట్‌వర్క్‌ను గేమ్‌లో నడపడం పెద్ద భారం కాదు. డీప్‌మిమిక్‌లోనిది 1024, 512 యూనిట్ల రెండు పొరలదే, సెకనుకు 30 సార్లు నిర్ణయం తీసుకుంటుంది, కింద భౌతిక గణన సెకనుకు 1200 సార్లు జరుగుతుంది. భారమంతా శిక్షణలోనే ఉంది. ఒక్కో నైపుణ్యానికి కోట్ల సంఖ్యలో నమూనాలు కావాలి. వేల కొద్దీ పాత్రలను ఒకేసారి గ్రాఫిక్స్ కార్డు మీద నడిపే ఐజాక్ జిమ్ వంటివి వచ్చాక వ్యవధి బాగా తగ్గినా, మీరు తొడ బరువు మార్చినా, స్ప్రింగ్ మార్చినా, పాదం ఆకారం మార్చినా శిక్షణ మళ్లీ మొదటికి వస్తుంది. పైగా నేర్చుకునే నియంత్రకం మీ గణనలోని ప్రతి లోపాన్నీ కనిపెట్టి వాడుకుంటుంది. ఈరోజు ముక్కలు ఎగిరిపోయే మీ శరీరాన్ని దానికి అప్పగిస్తే, ఆ ఎగరడాన్నే ముందుకు వెళ్లే ఉపాయంగా నేర్చుకోవచ్చు. ఇంకొక సంగతి కూడా ఒంటరిగా పనిచేసేవారు ఆలోచించుకోవాలి. క్లిప్పులో ఎడమచేయి కాస్త ఎత్తుగా ఉందనిపిస్తే మీరు పది నిమిషాల్లో దించగలరు, నెట్‌వర్క్‌లో అలా దించే మీట లేదు. అందువల్ల శరీరం నిలకడపడి, మధ్యమార్గం పనిచేసి, కటి దగ్గరి అబద్ధపు బలం ఎక్కడో కంటికి కనబడుతూ ఇబ్బంది పెడుతున్నప్పుడు మాత్రమే లెర్నింగ్ వైపు వెళ్లండి. అప్పటికి దానికి కావలసిన శరీరం, క్లిప్పులు, కొలమానాలు మీ దగ్గర సిద్ధంగా ఉంటాయి, ఏదీ వృథా పోదు.

మీ గేమ్‌ను నెట్‌వర్క్ మీద పలువురు ఆడతారా అన్నది మీరు రాయలేదు. ఆడేటట్లయితే క్యాప్సూల్‌ను మాత్రమే సర్వర్ ప్రమాణంగా పంచుకుని, భౌతిక శరీరాన్ని ప్రతి యంత్రంలోనూ విడిగా నడపండి. రెండు తెరల మీద పడిన చేయి వేర్వేరు కోణాల్లో ఉన్నా ఎవరికీ నష్టం లేదు, గెలుపోటములు మాత్రం క్యాప్సూల్ మీదే ఆధారపడాలి.

ఇంజిన్ మార్చాలా అన్న ప్రశ్నకు జవాబు చిన్నది. కీళ్ల డ్రైవ్‌లు అంతర్గత పద్ధతిలో ఉండి, శరీరాన్ని ఒకే వృక్షంగా లెక్కించే సౌకర్యం ఉండి, భౌతిక గణన విరామాన్ని మీరు నిర్ణయించగలిగితే ఇప్పుడున్న ఇంజిన్ చాలు. మూడింటిలో మొదటిది లేకపోతే పైన చెప్పిన స్థిర నియంత్రణ పద్ధతిని మీరే రాసుకోవచ్చు, రెండవది లేకపోతే పాదాల బరువు పెంచి నెట్టుకురావచ్చు. మూడవది లేనప్పుడు మాత్రం మారడమే మంచిది.